కొత్త ఫీల్డ్‌లో మొదటి జీతం, చేతిలో రెండు ఆఫర్లు: విజయవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బీఫార్మసీ చేసి కొన్నేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగి ఇప్పుడు మెడికల్ కోడింగ్‌కి (రోగుల రికార్డుల్లోని జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు ఇచ్చే పని) వెళ్తున్నవాళ్ళు, ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పడం మానేసి డేటా అనలిటిక్స్ నేర్చుకున్నవాళ్ళు, సివిల్ చదివి సైట్ల మీద ఎండకి విసిగి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి వస్తున్నవాళ్ళు... ఈ జవాబులు ముఖ్యంగా వాళ్ళ కోసం. క్యాంపస్ నుంచి నేరుగా చేరేవాళ్ళకీ కొంత పనికొస్తాయి కానీ వాళ్ళకి బేరానికి చోటు తక్కువ. నేను హెచ్‌ఆర్‌లో ఉండి ఆఫర్లు ఇచ్చినదాన్ని. అటువైపు కూర్చున్నవాళ్ళ లెక్కలు తెలుసు కాబట్టి ఒకటి రెండు చోట్ల కాస్త కటువుగానే చెబుతాను.

నేను ఈ ఫీల్డ్‌కి కొత్త. జీతం ఎక్కువ అడిగితే ఆఫర్ పోతుందేమో?

ఆఫర్ వచ్చాక మర్యాదగా ఒకసారి అడిగినందుకు వెనక్కి తీసుకోవడం చాలా అరుదు. అప్పటికి రెండు మూడు రౌండ్లు అయ్యాయి, మేనేజర్ సరే అన్నారు, బడ్జెట్‌కి పైనుంచి అనుమతి వచ్చింది. మీరు కాదంటే హెచ్‌ఆర్ మళ్ళీ మొదటి నుంచి రెజ్యూమేలు తిరగెయ్యాలి. దానికంటే ఏడాదికి ఇంకో ముప్పై వేలు కలపడం వాళ్ళకి తేలిక. పైగా చాలా పోస్టులకి ‘ఇంత నుంచి ఇంతవరకు’ అని ఒక రేంజ్ ఉంటుంది. మొదట చెప్పే అంకె సాధారణంగా ఆ రేంజ్ పై కొసన ఉండదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నిజానికి అమ్మ పెడుతుంది. హెచ్‌ఆర్ పెట్టరు.

ఆఫర్లు పోయే సందర్భాలు వేరే. ఒప్పుకుని మెయిల్ పెట్టాక మళ్ళీ బేరం మొదలుపెట్టడం, రెండు రోజులకో కొత్త అంకె చెప్పడం, లేని ఆఫర్ ఉందని చెప్పి దొరికిపోవడం. ఈ మూడింట్లో ఏది చేసినా ఆ మనిషి చేరాక కూడా ఇలాగే ఉంటాడన్న అనుమానం వస్తుంది.

ఒకే రోజు బ్యాచ్‌గా యాభై మందిని తీసుకునే చోట మాత్రం అందరికీ ఒకే జీతం. అక్కడ అంకె మీద పట్టుబట్టి లాభం లేదు. షిఫ్టు, లొకేషన్, జాయినింగ్ తేదీ అడిగి చూడండి.

మొదటి ఫోన్‌లోనే ‘ఎక్స్‌పెక్టేషన్ ఎంత?’ అంటున్నారు. ఏం చెప్పాలి?

మొదటిసారి దాటెయ్యొచ్చు. “పని ఏంటో పూర్తిగా తెలిశాక చెబుతానండి. ఈ పోస్టుకి మీ రేంజ్ ఎంత ఉందో చెప్పగలరా?” అనండి. కొందరు అక్కడే చెప్పేస్తారు. రెండోసారి గట్టిగా అడిగితే మాత్రం అంకె చెప్పాల్సిందే.

చెప్పకూడనిది ఒకటుంది: “కంపెనీ నార్మ్స్ ప్రకారం ఇవ్వండి సార్.” మనవాళ్ళు ఇది వినయం అనుకుంటారు. అటువైపు వినేవాళ్ళకి, ఈ మనిషి మార్కెట్ రేటు కనుక్కోలేదని అర్థమవుతుంది.

రేటు కనుక్కోవడానికి వెబ్‌సైట్లలో కనిపించే సగటు జీతాలు ఒక అంచనా వరకే. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్ళూ, నిన్న చేరినవాళ్ళూ అందులో కలిసిపోతుంటారు. మీకంటే ఒకటి రెండేళ్ల ముందు ఇదే పనిలో చేరినవాళ్ళని పట్టుకోండి. మీ కోచింగ్ సెంటర్ పాత బ్యాచ్ వాళ్ళు ఎక్కడో ఉంటారు. “నీ జీతం ఎంత?” అంటే ఎవరూ చెప్పరు. “మీ దగ్గర కొత్తగా చేరేవాళ్ళకి ఇప్పుడు ఎంత ఇస్తున్నారు అన్నా?” అంటే చెబుతారు. నలుగురిని అడిగితే రేటు తెలిసిపోతుంది.

దాంతోపాటు ఇంకో అంకె మీ దగ్గరే రాసి పెట్టుకోండి: నెలకి చేతికి ఇంతకంటే తగ్గితే చేరను, అని. ఇంటి అద్దె, ఈఎంఐ, ఇంట్లో ఇవ్వాల్సింది కూడితే అది వస్తుంది. ఇది హెచ్‌ఆర్‌కి చెప్పేది కాదు. ఫోన్‌లో మొహమాటపడి “సరేనండి” అనేయకుండా మిమ్మల్ని ఆపడానికి.

పాత జీతం చెప్పాలా? వేరే పని కదా!

అబద్ధం మాత్రం చెప్పకండి. పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, వీటిలో ఏదో ఒకటి అడుగుతారు. నిజం అక్కడ ఎలాగూ బయటపడుతుంది.

కానీ నిజం చెప్పడం వేరు, దాని మీద 20 శాతం హైక్ లెక్కకి ఒప్పుకోవడం వేరు. కాలేజీలో 22 వేలు తీసుకున్న లెక్చరర్‌కి డేటా అనలిస్ట్ పోస్టులో 26 వేలు ఇస్తే అది హైక్ కాదు, ఆ పోస్టు రేటుకి తక్కువ ఇవ్వడం. “అది వేరే పనికి వేరే జీతమండి. ఈ పోస్టుకి కొత్తగా వచ్చేవాళ్ళకి మీరు ఇచ్చే రేటు ప్రకారం మాట్లాడదాం” అంటే చాలు. కోపం అక్కర్లేదు.

మెడికల్ రెప్‌లది దీనికి తలకిందుల వ్యవహారం. ఇన్సెంటివ్, టీఏ, డీఏ కలిపి నెలకి 45 వేలు అకౌంట్లో పడేవి, కొత్త పనిలో 25 వేలు అంటున్నారు. గుండె గుభేలుమంటుంది. ముందు ఆ 45లో పెట్రోలుకి, టిఫిన్లకి, డాక్టర్ల చుట్టూ తిరగడానికి పోయింది ఎంతో తీసెయ్యండి. మిగిలిందే మీ అసలు పాత జీతం. ఆ తర్వాత కూడా తేడా ఉంటుంది. ఫీల్డ్ మారినప్పుడు మొదటి ఏడాది కొంత తగ్గడం మామూలే. ఆ తగ్గుదల ఎన్ని నెలలు భరించగలరన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

పాత అనుభవానికి విలువ కట్టమని అడగాలంటే “నాకు నాలుగేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉంది” అంటే పని జరగదు, ఎందుకంటే అది వాళ్ళ పనిలో అనుభవం కాదు. ఈ పనిలో ఎక్కడ ఉపయోగపడుతుందో చూపించాలి. “డిశ్చార్జ్ సమ్మరీ చదివితే ఏ మందు ఎందుకు రాశారో నాకు వెంటనే అర్థమవుతుంది, మందుల పేర్లు నేర్పక్కర్లేదు” అని ఒక రెప్ చెబితే, ట్రైనింగ్‌లో కొన్ని వారాలు మిగులుతాయని మేనేజర్‌కి లెక్క దొరుకుతుంది. లెక్చరర్ అయితే, “నిద్రపోయే మధ్యాహ్నం క్లాసులో 70 మందికి ప్రాబబిలిటీ అర్థమయ్యేలా చెప్పాను, మీ క్లయింట్‌కి ఒక గ్రాఫ్ వివరించడం నాకు భయం కాదు” అనొచ్చు. ఈ మాట ఇంటర్వ్యూలోనే చెప్పాలి. జీతం మాట్లాడేటప్పుడు మొదటిసారి చెబితే బేరం కోసం అల్లినట్టుంటుంది.

సీటీసీ 6 లక్షలు అన్నారు. అంటే నెలకి 50 వేలేగా?

కాదు. సీటీసీ అంటే ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, మీ చేతికొచ్చే జీతం కాదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

గుంటూరు మిర్చి యార్డులో బస్తా తూకం ఒక్కటే చూసి ఎవరూ లెక్క కట్టరు. తేమ ఎంత, తాలు కాయ ఎంత అని చూశాకే రేటు. సీటీసీ కూడా అలాంటి బస్తానే. ఒక ఉదాహరణ వేసి చూద్దాం.

6,00,000లో 10 శాతం వేరియబుల్ అన్నారనుకోండి, 60,000 పక్కన పెట్టండి. అది ఏడాది చివర్లో, మీ పనిని బట్టీ కంపెనీ లాభాన్ని బట్టీ వస్తే వస్తుంది. బేసిక్ (మూల జీతం) నెలకి 25,000 అనుకుంటే కంపెనీ తరఫు పీఎఫ్ 12 శాతం, అంటే నెలకి 3,000, ఏడాదికి 36,000. అదీ సీటీసీలోనే. గ్రాట్యుటీ (కొన్నేళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) పేరుతో బేసిక్ మీద 4.81 శాతం, 14,430. ఇన్సూరెన్స్ ప్రీమియం ఒక 9,570 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే 4,80,000 మిగిలింది, నెలకి 40,000. అందులోంచి మీ వాటా పీఎఫ్ 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే అకౌంట్లో పడేది 36,800.

యాభై ఎక్కడ, ముప్పై ఆరు చిల్లర ఎక్కడ!

ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి ఈ స్థాయిలో టెన్షన్ అక్కర్లేదు. కొత్త విధానంలో 2025–26 నుంచి ఉద్యోగులకి స్టాండర్డ్ డిడక్షన్ 75,000తో కలిపి 12.75 లక్షల జీతం వరకు పన్ను లేదు.

పీఎఫ్ పోయిన డబ్బు కాదు, మీ పేరునే ఉంటుంది. కొన్ని కంపెనీలు 15,000 వేతన పరిమితి మీదే లెక్కగట్టి నెలకి 1,800 మాత్రమే కడతాయి. పై ఉదాహరణలో అలా చేస్తే చేతికి 39,200 వస్తుంది, దాచుకునేది తగ్గుతుంది. రెండు ఆఫర్లు పోల్చేటప్పుడు ఒకరు 12 శాతం పూర్తిగా, ఇంకొకరు 1,800 కడుతుంటే చేతికొచ్చే అంకెలు పక్కపక్కన పెట్టి చూడటం తప్పు.

గ్రాట్యుటీ సంగతి చూద్దాం. పర్మనెంట్ ఉద్యోగికి అది ఐదేళ్లు పనిచేస్తేనే. కొత్త ఫీల్డ్‌లో మొదటి కంపెనీలో ఐదేళ్లు ఉండేవాళ్ళు ఎంతమంది? నేనైతే దాన్ని లెక్కలోంచి తీసేసి చూడమంటాను. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి, అంటే కంపెనీయే నేరుగా ఇన్నాళ్లని గడువు పెట్టి తీసుకున్నవాళ్ళకి, ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇచ్చారు, కాబట్టి మీది అలాంటి ఉద్యోగమైతే ఆ గడువు ఎంతో చూడండి. అవే కోడ్‌ల ప్రకారం బేసిక్, కరువు భత్యం (డీఏ) లాంటివి మొత్తం జీతంలో కనీసం సగం ఉండేలా లెక్క కట్టాలి. బేసిక్ చిన్నది చేసి అలవెన్సులు పెంచిన పాత పద్ధతి ఆఫర్ కనిపిస్తే పీఎఫ్ దేని మీద కడతారో అడగండి.

హెచ్‌ఆర్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడగగలిగితే ఇది అడగండి: “వేరియబుల్ లేకుండా, పీఎఫ్ పోగా, నెలకి నా అకౌంట్లో ఎంత పడుతుందండి? బ్రేకప్ మెయిల్ చేస్తారా?” ఇది అడగడానికి సిగ్గుపడేవాళ్ళని చూస్తే నాకు ఆశ్చర్యం. కిలో వంకాయల దగ్గర రెండు రూపాయలు తగ్గించమంటాం, ఏడాది జీతం దగ్గర మాత్రం మాట పెగలదు.

సరే, అడగాలని అనుకున్నాను. ఫోన్‌లో ఏ మాటలు వాడాలి?

బ్రాడీపేటలో ఉండే ఒక లెక్చరరమ్మ మాట్లాడిన తీరు ఇక్కడ రాస్తాను. డేటా అనలిస్ట్ పోస్టుకి 4.5 లక్షలు అని హెచ్‌ఆర్ నుంచి ఫోన్. ఆవిడ కాలేజీ మెట్ల మీద ఉన్నారు, క్లాసు మొదలవడానికి కాస్త టైముంది. అక్కడే మాట్లాడకుండా “థాంక్యూ మేడమ్, క్లాసుకి వెళ్తున్నాను, సాయంత్రం ఆరింటికి నేనే చేస్తాను” అన్నారు. సగం పని అక్కడే అయింది. గోల మధ్య, తొందరలో జీతం మాట్లాడితే నోట్లోంచి వచ్చేది “ఓకే మేడమ్” ఒక్కటే.

సాయంత్రం ఇలా నడిచింది.

“మేడమ్, ఆఫర్‌కి చాలా థాంక్స్. టీమ్ నచ్చింది, పని నచ్చింది, చేరాలనే ఉంది. జీతం దగ్గరే ఒక మాట. ఈ పోస్టుకి నేను కనుక్కున్న దాన్నిబట్టి 5.2 లక్షలు అనుకున్నాను. మీరిచ్చిన అసైన్‌మెంట్‌లో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష) భాగం సాయం లేకుండా చేశాను కాబట్టి ట్రైనింగ్ కూడా తక్కువే పడుతుంది. 5.2కి చూడగలరా?”

ఇక ఆగిపోయారు. అవతల నిశ్శబ్దం. మనవాళ్ళు ఈ నిశ్శబ్దం భరించలేక “కుదరకపోతే పర్లేదులెండి మేడమ్” అని తమ బేరం తామే చెడగొట్టుకుంటారు. ఆవిడ ఆగారు.

“బడ్జెట్ లేదండి, ఫ్రెషర్స్‌కి ఇదే ఇస్తున్నాం.”

“అర్థమైంది మేడమ్. ఫిక్స్‌డ్‌లో ఎంతవరకు వెళ్లగలరో మేనేజర్ గారిని ఒకసారి అడిగి చెబుతారా? గురువారం వరకు చూస్తాను.”

గురువారం 4.8 అన్నారు, వేరియబుల్ లేకుండా. ఆవిడ ఇంకోసారి బేరం ఆడలేదు. “ఇది లెటర్‌లో వస్తే ఈ రోజే ఒప్పుకుంటాను మేడమ్” అన్నారు. అది సరైన పద్ధతి. ఒక అంకె అడిగాక వాళ్ళు మధ్యలోకి వస్తే, ఇంకోసారి లాగితే తెగుతుంది.

ఇంటి లోను, చెల్లి పెళ్లి, నాన్న ఆపరేషన్ లాంటి కారణాలు చెప్పకండి. వినేవాళ్ళు జాలిపడతారు, బడ్జెట్ మారదు.

జీతం ఒక్క రూపాయి కూడా పెంచం అన్నారు. ఇంకేం అడగొచ్చు?

ఆరు నెలలకి జీతం రివ్యూ, అది కూడా మెయిల్‌లో రాసి. నోటిమాటగా చెప్పిన రివ్యూని ఆ హెచ్‌ఆర్ మానేసిన రోజే మర్చిపోండి. నోటీస్ పీరియడ్ 90 రోజులు ఉంటే 60కి తగ్గించమనడం నా దృష్టిలో చిన్న జీతం పెంపు కంటే మంచిది, ఎందుకంటే రెండో ఉద్యోగానికి వెళ్లేటప్పుడు 90 రోజులు ఆగే కంపెనీ దొరకడం కష్టం. మెడికల్ కోడింగ్‌లో అయితే సీపీసీ (కోడర్లకి ఇచ్చే సర్టిఫికెట్) పరీక్ష ఫీజు కంపెనీ కడుతుందా అని అడగండి. అమ్మానాన్నలకి ఇన్సూరెన్స్ ఇస్తారా అన్నది కూడా డబ్బే. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చూసుకోండి, సాధారణంగా ఉంటుంది.

గన్నవరం దగ్గర 4.2 లక్షలు, హైదరాబాద్‌లో 6 లక్షలు. ఏది తీసుకోవాలి?

ఈ ప్రశ్నకి అందరికీ ఒకే జవాబు లేదు. మీ ఇల్లు పటమటలో ఉందా, గుంటూరులో ఉందా అన్నదాన్ని బట్టే మారిపోతుంది.

హైదరాబాద్ ఆఫర్ పైన వేసిన లెక్కే అనుకుందాం, చేతికి 36,800. ఇక్కడి 4.2 లక్షల్లో వేరియబుల్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, బేసిక్ 17,500. పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రొఫెషనల్ ట్యాక్స్ పోతే నెలకి దాదాపు 29,750. తేడా ఏడాదికి 1.8 లక్షలు అనుకున్నది నెలకి ఏడు వేలకి దిగింది.

ఇప్పుడు ఖర్చులు. హైదరాబాద్‌లో షేరింగ్ హాస్టల్ భోజనంతో 9,000, ఆఫీసుకి రానూపోనూ 1,500, నెలకి రెండుసార్లు ఇంటికి రావడానికి 1,500 వేసుకోండి. మిగిలేది 24,800. పటమటలో సొంతింట్లో ఉండి బండి మీద గన్నవరం వెళ్లేవాళ్ళకి పెట్రోలు 2,500 పోగా 27,250 మిగులుతుంది. అంటే 4.2 లక్షల ఆఫర్‌లోనే చేతిలో ఎక్కువ నిలుస్తోంది.

గుంటూరు మనిషికి ఇదే లెక్క తిరగబడుతుంది. గుంటూరు నుంచి బెజవాడ, అక్కడి నుంచి గన్నవరం రోజూ వెళ్లి రావడమంటే మూడు గంటల పైమాటే. ఒకటి రెండు నెలలు ఉత్సాహంగా చేస్తారు, వానాకాలంలో చాలించుకుంటారు. బెజవాడలో హాస్టల్ తీసుకుంటే 7,000, బస్సులకి, ఇంటికి వెళ్ళిరావడానికి 2,000. మిగిలేది 20,750. ఎలాగూ హాస్టల్ తప్పనప్పుడు హైదరాబాదే నాలుగు వేలు ఎక్కువ మిగిలిస్తుంది. మీ సొంత ఖర్చులతో ఇదే లెక్క మీరూ వేసుకోండి, నా అంకెలు ఉదాహరణకే.

డబ్బు లెక్క ఇక్కడికి అయింది. కొత్త ఫీల్డ్‌లోకి వచ్చినవాళ్ళకి ఇంకో లెక్క ఉంది, నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను: రెండేళ్ల తర్వాత రెజ్యూమేలో ఏం రాసుకుంటారు? మొదటి ఉద్యోగం జీతం ఎంతన్నది కొన్నాళ్లకి ఎవరికీ గుర్తుండదు. అక్కడ ఏం పని చేశారన్నదే రెండో ఉద్యోగం జీతాన్ని నిర్ణయిస్తుంది. డేటా అనలిస్ట్ అని పిలిచి రోజంతా ఎక్సెల్‌లో అంకెలు ఎక్కించే పని ఇస్తే, రెండేళ్ల తర్వాత కూడా మీరు ఫ్రెషరే. “చేరిన మొదటి మూడు నెలల్లో నేను ఏం చేస్తాను? ఏ టూల్స్ మీద?” అని మేనేజర్‌ని అడగండి. అదే టీమ్‌లో ఉన్న ఒకరితో మాట్లాడించమని అడిగినా తప్పులేదు. తడబడుతూ జవాబిచ్చారంటే అక్కడ పని ఖరారు కాలేదని అర్థం.

ఇంకో సంగతి. ఈ ఉద్యోగం పోతే ఇదే పని ఇచ్చే ఇంకో కంపెనీ ఇంటి దగ్గర్లో ఉందా? మెడికల్ కోడింగ్‌కి హైదరాబాద్, చెన్నైలలో కంపెనీలు చాలా ఉన్నాయి. ఇక్కడ చేతివేళ్ల మీద లెక్కపెట్టే కొన్నింటిలో ఒకటి మూసేస్తే అందరూ మిగతావాటి మీద పడతారు. అలాగని హైదరాబాద్ వెళ్లినవాళ్ళంతా బాగుపడ్డారనీ కాదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగోకపోతే, చంటిపిల్లలుంటే నెలకి రెండుసార్లు రైలెక్కే జీవితం ఎలా ఉంటుందో ఆదివారం సాయంత్రం రైల్లో తిరిగి వెళ్లి సోమవారం పొద్దున్నే ఆఫీసుకి లేచేవాళ్ళని అడగండి.

నా అభిప్రాయం కావాలంటే: పెళ్లికానివాళ్ళు, ఇంటి బాధ్యత తక్కువ ఉన్నవాళ్ళు, పని నిజమైనదైతే రెండేళ్లు హైదరాబాద్ వెళ్ళండి. పని రెండుచోట్లా ఒకేలా ఉంటే ఇంటి దగ్గరే ఉండండి.

ఒక ఆఫర్ వచ్చింది. ఇంకో కంపెనీ రిజల్ట్ వచ్చేవారం అంటోంది. ఆపడం ఎలా?

మొదటివాళ్ళకి “ఇంట్లో మాట్లాడి శుక్రవారం సాయంత్రానికి చెబుతానండి” అని తేదీతో చెప్పండి. మూడు నాలుగు రోజులు ఎవరైనా ఇస్తారు. అదే రోజు రెండో కంపెనీకి ఫోన్ చేసి, “వేరే ఆఫర్ ఒకటి ఉంది, శుక్రవారం లోపు జవాబివ్వాలి, మీ దగ్గర చేరాలని నాకు ఇష్టం, రిజల్ట్ ముందుగా చెప్పగలరా?” అనండి. ఇందులో అబద్ధం లేదు, బెదిరింపు లేదు. మిమ్మల్ని నిజంగా తీసుకోవాలనుకుంటే కదులుతారు. కదలకపోతే అదీ ఒక జవాబే. ఫోన్ ఎత్తకుండా దాక్కోవడం మాత్రం వద్దు.

ఒకరి ఆఫర్ లెటర్ చూపించి ఇంకొకరి దగ్గర పెంచుకోవచ్చా?

నిజంగా లెటర్ ఉంటే, ఒకసారి. “వాళ్ళు ఇంత ఫిక్స్‌డ్ ఇస్తున్నారు, కానీ నాకు మీ దగ్గర పని నచ్చింది. ఈ తేడా తగ్గిస్తే ఇప్పుడే ఒప్పుకుంటాను” అన్నంతవరకు పద్ధతే. వాళ్ళు ఒప్పుకున్నాక మొదటి కంపెనీకి వెళ్లి మళ్ళీ పెంచమంటే వేలంపాట అయిపోతుంది. లేని ఆఫర్ ఉందనకండి. “లెటర్ పంపండి” అంటారు, అప్పుడు ఉన్న ఆఫర్ కూడా పోతుంది.

బాండ్ రాయమంటున్నారు. బాండ్లు కోర్టులో చెల్లవట కదా?

ఆ మాట సగమే నిజం. ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదు, ఇదే పని ఇంకెక్కడా చెయ్యకూడదు అనే షరతులు 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు నిలబడటం కష్టం. కానీ ‘ఇన్నేళ్లు పనిచెయ్యాలి, ముందే మానేస్తే ఇంత కట్టాలి’ అన్న బాండ్ వేరు. 2025 మే నెలలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతుని సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి ‘ఏం కాదులే’ అని సంతకం పెట్టకండి. ఎన్నాళ్లు, ఎంత, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా అని చూడండి. తగ్గించమని అడగండి. దీనికీ బేరం ఉంటుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మా దగ్గర పెట్టమన్నారా? పెట్టకండి. చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్స్ ఇంటికి తెచ్చుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఒకదానికి ఒప్పుకున్నాక అంతకంటే మంచిది వచ్చింది. మొదటిది మానేయొచ్చా?

మానేవాళ్ళు ఉన్నారు. చేరకముందే, తెలిసిన రోజే ఫోన్ చేసి చెబితే కోప్పడతారు, అంతటితో అయిపోతుంది. ఆఫర్ లెటర్‌లో చేరకపోతే డబ్బు కట్టాలన్న షరతు ఉందేమో ముందు చదవండి. ఐదు పది వేల తేడా కోసమైతే నేను వద్దంటాను. మెడికల్ కోడింగ్ లాంటి ఫీల్డ్‌లో హెచ్‌ఆర్‌లు ఒకరికొకరు తెలిసినవాళ్ళే, అక్కడ పనిచేసినవాళ్ళే ఇక్కడికి మారుతుంటారు.

రెండు చోట్లా చేరి రెండు పడవల మీద కాళ్లు పెట్టడం మాత్రం చెయ్యకండి. పీఎఫ్ మొత్తం ఒకే యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా మారని మీ పీఎఫ్ నంబరు) మీద నడుస్తుంది. ఒకే నెలలో రెండు కంపెనీల జమ ఆ ఒక్క నంబరు కిందే కనిపిస్తుంది.

‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, జీతం డబుల్ వస్తుంది’ అంటున్నారు...

ఫేక్ ఎక్స్‌పీరియన్స్. ఇలా వెళ్లి నిలబడినవాళ్ళ కథలే మీకు చెబుతారు. వెరిఫికేషన్‌లో పీఎఫ్ వివరాలు అడిగితే అక్కడే దొరుకుతారు. చేరిన తర్వాత దొరికితే ఉద్యోగం తీసేస్తారు, రిలీవింగ్ లెటర్ ఉండదు, నిజంగా పనిచేసిన ఆ నెలలు కూడా చెప్పుకోలేరు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

ఉద్యోగం ఇవ్వడానికి డిపాజిట్ కట్టమంటున్నారు.

కట్టకండి. ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, వెరిఫికేషన్ ఛార్జీ అని ఏ పేరు పెట్టినా ఇదే జవాబు.

పిల్లల కోసం ఐదేళ్లు గ్యాప్ వచ్చింది. జీతం దగ్గర నాకు అడిగే హక్కుందా?

ఉందమ్మా. గ్యాప్‌కి కారణం ఒక వాక్యంలో చెప్పి, ఈ మధ్య నేర్చుకున్నదాని మీదకి మాట మళ్లించండి. ఎంతసేపు సంజాయిషీ ఇచ్చుకుంటే అంత తగ్గిస్తారు. “ఇంటి దగ్గరే కదా, తక్కువైనా పర్లేదు కదా” అని ఇంటర్వ్యూలో అన్నవాళ్ళని నేనే విన్నాను. “పని అదే కాబట్టి జీతమూ అదేనండి” అనండి, నవ్వుతూనే. షిఫ్టు టైమింగ్స్, నైట్ షిఫ్ట్ ఉంటే క్యాబ్ ఇంటి వరకు వస్తుందా లేక బెంజ్ సర్కిల్‌లో దింపేస్తారా, ఇవి లెటర్‌లో రాయించుకోండి.

వద్దనుకున్న కంపెనీకి ఏమని చెప్పాలి?

ముందు ఫోన్, ఆ తర్వాత నాలుగు లైన్ల మెయిల్. ఆఫర్ ఇచ్చినందుకు థాంక్స్, ఆలోచించి వేరేచోట చేరాలని నిర్ణయించుకున్నాను, మీరు ఇచ్చిన టైముకి కృతజ్ఞతలు. ఏ కంపెనీ, ఎంత జీతం అని అడుగుతారు. చెప్పాలన్న రూల్ ఏమీ లేదు. అక్కడే “మేం ఇంకో యాభై వేలు కలుపుతాం” అంటే? ఆ యాభై వేలు మొన్న అడిగినప్పుడు ఎందుకు లేవో మీకే తెలుస్తుంది. అయినా మనసు లాగితే ఆ మాట మెయిల్‌లో పెట్టమనండి. కొందరు పెడతారు, ఎక్కువమంది మళ్ళీ ఫోన్ చెయ్యరు.